జర్మన్ మిల్లు, మా ఇంటి బెల్లం గంజి

బోధన్ రోడ్డు మీది జర్మన్ మిల్లును ఒక సాలాయన బెల్లం పోసి ముంచాడని మా దిక్కు ఇప్పటికీ కొందరంటారు. ఆ సాలాయన నా పెనిమిటి. ఆయన పోయాడు, మిల్లూ పోయింది, ఈ మాట మాత్రం పోలేదు. నేను చదివింది మూడో తరగతి దాకానే. ఆ చదువుతోనే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మాది నేతపని చేసుకునే సాలోళ్ల ఇల్లు. పొద్దున్నే వాడలో పడుగు, అంటే నిలువు పోగులు, చాపి కుంచెతో గంజి పట్టించేవాళ్లం. గంజి లేని పోగు మగ్గం మీద నిలవదు. మా ఎండలకు ఎండాకాలంలో గంజి పట్టిన పోగు కూడా చీపురు పుల్లలాగా విరుగుతుంది. అందుకే శివరాత్రి దాటగానే మా అత్త గంజిలో గుప్పెడు బెల్లం వేయించేది. బెల్లం గాలిలో ఉన్న కాస్త తడినీ పట్టుకొచ్చి పోగును మెత్తగా ఉంచుతుంది. మిర్గం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, బెల్లం మానేసి, కుండ తోమి బోర్లించేవాళ్లం. వానల్లో తీపి గంజి పట్టిన బట్టకు బూజు పడుతుంది, చీమలు పడతాయి. ఇది మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తెలంగాణ ఆంధ్రతో కలిసిన రెండు మూడేళ్లకు ఆ మిల్లు లేచింది. తాతల కాలం నుంచి జర్మనీలో బట్టలు నేస్తున్న కంపెనీ పెట్టిందట. యంత్రాలను రైల్లో దింపి బండ్ల మీద తోలుకుపోతుంటే నిజామాబాదు మొత్తం చూడబోయింది. నేను పోలేదు, ఇంట్లో పని ఉండె. మా ఆయన్ను మిల్లులో గంజి కాచే పనికి పెట్టుకున్నారు.

మొదటి ఎండాకాలమే పోగులు తెగి మగ్గాలు ఆగాయి. వాళ్ల దేశం నుంచి తెచ్చి గంజిలో కలిపే మందు మా ఎండకు ఆగలేదు. జర్మన్ దొర తల పట్టుకుని కూర్చుంటే మా ఆయన ఇంటి నుంచి ఒక కుండ గంజి తీసుకుపోయాడు. అది కాచింది నేను. సాయంత్రం వచ్చి చెప్పాడు.

"దొర ఏలు పెట్టి నాకిండే."

"గంజినా?"

"ఇంకింత అడిగిండు. బెల్లం పాయసమనుకున్నట్టుండు."

"నాకితే నాకనియ్యి. కుండ వాపసు తెచ్చినవా లేదా?"

ఆ ఏడు నుంచి మిల్లు ఆగలేదు. దుప్పట్లు, తువ్వాళ్లు ఓడలెక్కి పోయాయి. వర్ని నుంచి కూడా పనికి మనుషులొచ్చారు. ఎన్ని నీళ్లకు ఎంత బెల్లమో దొర మా ఆయన్ను పక్కన నిలబెట్టుకుని కాగితం మీద రాసుకున్నాడు. మిర్గం సంగతి మాత్రం ఈయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరువాత అడిగాను. "అందరికెర్కే గద, చెప్పేదేముంది," అన్నాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. దొర ఉన్నన్నాళ్లు మిర్గం రాగానే ఈయనే బెల్లం ఆపేవాడు. మగ్గాలు నడుస్తున్నాయి కనుక ఎవరూ అడగలేదు.

ఆ కాగితానికి అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. కింద కంపెనీ ముద్ర. కంపెనీ కనిపెట్టిన పద్ధతి అని వచ్చినవాళ్లకు చూపించేవారు. మా అత్త ఊసు అందులో ఎక్కడా లేదు.

కొన్నేళ్లకు దొర తన దేశం వెళ్లిపోయాడు. పట్నం నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. ఆ ఏడు మిర్గం నాడు మా ఆయన బెల్లం డబ్బా మూసి పక్కన పెడితే మేనేజరు మళ్లీ తెరిపించాడు.

"మిర్గం పడ్డది సార్. ఇగ బెల్లం బంద్ చెయ్యాలె."

"కాయితంల ఏడుంది మిర్గం? చూపియ్యి."

"కాయితంల లేదు సార్. నేను నోటితోని చెప్తున్న."

"నీ నోటితోని కంపెనీ నడుస్తదా? పోయి కలుపు."

చెప్పిన పని చేయాలి కదా, కలిపాడు. ఆ వానాకాలమంతా కలిపాడు. గోదాములో చీమలు బారులు కట్టాయి. ఓడ దిగిన చోట బేళ్లు విప్పితే దుప్పట్ల నిండా నల్ల మచ్చలు, ముక్కు పగిలే బూజు వాసన. సరుకంతా వాపసు వచ్చింది.

వారం తిరగకుండా మేనేజరు, గుమాస్తా మా ఇంటికి వచ్చారు. చేతిలో ఇంగ్లీషు కాగితం. మా ఆయన సంతకం కావాలన్నారు.

"గిండ్ల ఏం రాసిండ్రు సార్?" నేనే అడిగాను.

"ఏం లేదమ్మా, మామూలు కాయితం. సంతకం పెడితే నౌకరి ఉంటది," అన్నాడు మేనేజరు.

"మామూలుదే అయితే తెలుగుల రాసియ్యుండ్రి. నేను సదువుత, ఆయన పెడ్తడు."

గుమాస్తా నవ్వాడు. "నీకు సదువొస్తదా అక్కా?"

"మూడు దాక ఒస్తది. గింత కాయితానికి సాలు."

మేనేజరు మా ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇంట్ల నీ మాట నడవదా?"

"మిల్లుల నడిస్తే గిదంతా అయ్యేది కాదు సార్," అన్నాడు మా ఆయన.

వాళ్లు మళ్లీ తెలుగు కాగితం తేలేదు. మూడో రోజు ఆయన్ను గేటు దగ్గరే ఆపేశారు. కాగితంలో ఏముందో చాలా రోజులకు ఆ గుమాస్తానే చెప్పాడు. పైవాళ్లకు తెలియకుండా, తన తెలివితక్కువతనంతో బెల్లం కలిపానని మా ఆయన ఒప్పుకుంటున్నట్టు ఉందట. గోడ మీది అద్దం కాగితం ఏమైందని అడిగాను. సరుకు వాపసొచ్చిన మర్నాడే తీసేశారట. పని నడిచినప్పుడు ఆ బెల్లం కంపెనీది. సరుకు చెడగానే చదువులేని సాలోడిది.

ఇంకో రెండేళ్లకు మిల్లు మూసేశారు. జర్మనీలోని పెద్ద మిల్లు కూడా మూతపడిందని విన్నాం. కొత్త రకం నైలాను బట్టలొచ్చి దాని గిరాకీ అప్పటికే పడిపోయిందట. అక్కడి కుండల్లో కూడా మా ఆయనే బెల్లం పోశాడా? ఆ సంగతి ఎవరూ అనరు. బజారులో మోర్తాడ్ నుంచి పసుపు అమ్మడానికి వచ్చినామె కూడా నన్ను చూసి, "బెల్లం సాలాయన ఇంటామెనా?" అనేది.

అవును, ఆయన ఇంటిదాన్నే. ఆయన మళ్లీ ఇంటి మగ్గం మీదే కూర్చున్నాడు. బతికినన్నాళ్లు ఎండాకాలం గంజిలో బెల్లం వేశాడు, మిర్గం నాడు తన చేత్తో కుండ తోమి బోర్లించాడు. ఆయన ఇంట్లో నేసిన బట్టకు బూజు పట్టిందనేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ బట్ట పట్టుకుని మా ఇంటికి రమ్మనండి. నేను ఇంట్లోనే ఉంటాను.