నాలుగో గదిలో ఆరో తరగతి

నిన్న సాయంత్రం గ్యాస్ లైటర్ మొరాయించింది. అగ్గిపెట్టె వెతికి తొందరలో తలకిందులుగా తెరిచేసరికి పుల్లలన్నీ గట్టుమీద పడ్డాయి. వాటిలో రెండు పుల్లలు కాళ్లు దగ్గర పెట్టుకుని అచ్చం V లాగా పడి ఉన్నాయి. టీ సంగతి మరిచిపోయి వాటి పక్కన ఇంకో పుల్ల పెట్టాను. మా మేనత్త గుర్తొచ్చింది.

అప్పట్లో మేము మౌలాలి రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. అత్త మా ఇంట్లోనే ఉంటూ కార్ఖానా ఏరియాలో ఒక ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేది. ఆదివారం చర్చిలోనూ, మిగతా రోజులు మా నాన్న మీదా గొంతు పెంచేది. అయిదు దాకా తెలుగు మీడియంలో చదివిన నన్ను సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేయించింది ఆవిడే. నాన్న మాత్రం, "చదువు రాకుంటే మల్ల కాలనీ బడికే" అని ముందే చెప్పాడు.

మొదటిరోజు బస్టాపులో అత్త హడావిడిగా, "క్లాసు గుమ్మం మీద V ఉంటది, పక్కన ఒక్క గీత. గదే నీ క్లాసు" అని నన్ను బస్సెక్కించింది. బస్సు ఆలస్యమై, హాజరు పిలవడం అయిపోయాక స్కూలు చేరాను. V పక్కన గీత కనబడగానే ఆ గదిలో దూరాను. నేను పొట్టిదాన్ని, ఎవరికీ అనుమానం రాలేదు. బోర్డు మీది లెక్కలన్నీ చకచకా చేసేశాను. టీచరు మెచ్చుకుంది. ఇంగ్లీషు మీడియమంటే ఇంతేనా, అనవసరంగా భయపెట్టారే అనుకున్నాను. కాసేపటికి సంచిలోంచి ఆరో తరగతి రీడర్ తీశాను. గది గొల్లుమంది. అది నాలుగో తరగతి. గుమ్మం మీది రోమన్ అంకె VI కాదు, IV.

"క్లాస్ నంబరే చదవలేని పిల్ల సిక్స్త్ ఏం చదువుతుంది? రేపు మీ నాన్నని తీసుకురా, ఫోర్త్‌లోనే కూర్చోబెడతాను" అంది హెడ్మిస్ట్రెస్.

నాన్నకు తెలిస్తే కాలనీ బడే. అత్త దగ్గర చేరి ఏడ్చాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "తప్పు నాదే బిడ్డా, ఏ పక్కనో చెప్పకపోతి." వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి నేలమీద పుల్లలు పేర్చింది. "గిట్ల చూడు. చిన్నది పెద్దదాని ముందల నిలబడ్డదా, తీసెయ్యాలె. ఎనక నిలబడ్డదా, కలపాలె. గంతే." పొయ్యి వెలిగించడానికి అమ్మ పుల్లలడిగితే, "ఎనిమిదిల ఉన్నయి వదినా, జెర ఆగు" అంది.

మర్నాడు నాన్నకు బదులు అత్తే సెలవు పెట్టి వచ్చింది. హెడ్మిస్ట్రెస్ నన్ను వరండాలో నడిపిస్తూ ఒక్కో గుమ్మం చూపించింది. ఒకటి నుంచి చదువుకుంటూ వెళ్లాను. నాలుగు దగ్గర కిటికీలోంచి నిన్నటి పిల్లలు నవ్వారు. ఆరు రాగానే చదవడం ఆపి, ఎవరూ చెప్పకుండానే లోపలికి వెళ్లి కూర్చున్నాను. "చదివింది కద మేడం!" బయట అత్త గొంతు చర్చిలో కన్నా పెద్దగా వినిపించింది.

అత్త పోయి చాలా కాలమైంది. నిన్న పుల్లలు ఏరి పెట్టెలో వేస్తుంటే కళ్లు తడిశాయి. నా ముందు నిలబడ్డ కాలం రోజూ ఎంతో కొంత తీసేస్తూనే ఉంది. అత్త ఉన్న కాలం మాత్రం వెనక నిలబడి ఇంకా కలుపుతూనే ఉంది.