మావయ్య కూడిన నంబరు

ఆ రోజుల్లో మా ఫోన్లకు మనుషులు తెలిసేవారు కాదు. ఇప్పుడంటే ఎవరు పిలిచినా పేరూ ఫోటోతో సహా తెర మీద ప్రత్యక్షమవుతున్నారు, ఎత్తాలో వద్దో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. నేను ఇంగ్లాండు పక్కనున్న వేల్స్‌లో, కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న కాలంలో ఇండియా నుంచి ఎవరు చేసినా "ప్రైవేట్ నంబర్" అని పడేది. పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్ళు చేసినా అదే పడేది. అంటే ఒంగోలులో ఉన్న మా అమ్మా, నాకు ఉద్యోగం ఇవ్వబోయే మహానుభావులూ నా ఫోన్‌కి ఒక్కలాగే కనిపించేవారన్నమాట. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ, వీసా గడువు ముగిసేలోగా ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవలసినదానికి అప్పుడు నవ్వెక్కడ వస్తుంది?

అమ్మ సాయంత్రం టీ తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుని నాకు ఫోన్ చేసేది. అక్కడి సాయంత్రం అంటే ఇక్కడ సరిగ్గా ఆఫీసుల వాళ్ళు ఫోన్లు చేసే వేళ. ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ తిన్నావా అనే కాబట్టి, సమయం ఆదా అవుతుందని నేను ఫోన్ ఎత్తగానే ముందే జవాబు చెప్పేసేదాన్ని. ఒకరోజు అలాగే ఎత్తి, "తిన్నానమ్మా, టమాటా పప్పు, కాస్త ఉప్పెక్కువైంది" అన్నాను. అవతల నిశ్శబ్దం. అమ్మకు ఉప్పు సంగతి బాధ కలిగించిందేమో అనుకుని, "పెరుగు కలుపుకున్నాలే" అని ఓదార్చాను కూడా. అప్పుడు ఒక మగగొంతు చాలా మర్యాదగా నా పూర్తిపేరు పలికి, ఉద్యోగం గురించి మాట్లాడటానికి ఇది అనువైన సమయమేనా అని ఇంగ్లీషులో అడిగింది. నేను ఏం చేసి ఉండాల్సిందో నాకు తెలుసు. ఏం చేశానంటే, రాంగ్ నంబర్ అని చెప్పి పెట్టేశాను. ఆయన మళ్ళీ చెయ్యలేదు.

కార్డిఫ్ అద్దింట్లో నాతోపాటు ఉండే వరంగల్ అక్క (నాకంటే ఒక్క ఏడాదే పెద్దది గానీ, బతకనేర్చినతనంలో ఒక తరం పెద్దది) నా ఏడుపంతా విని, అన్నం ప్లేటు పక్కన పెట్టి తీర్పు చెప్పింది. "గీ లొల్లంతా ఎందుకే? నెట్‌ల ఫ్రీగ ఇంకో నంబర్ ఇస్తున్నరు. గది నౌకరీలకు పెట్టుకో, గిది అమ్మకు పెట్టుకో. ఏది మోగితే దాని లెక్క మాట్లాడు." ఇంత చదువు చదివిన నాకు ఇది ఎందుకు తట్టలేదో తెలియదు. లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం దింపుకుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, అచ్చమైన ల్యాండ్‌లైన్ నంబరు మన సొంతం. ఎవరైనా దానికి ఫోన్ చేస్తే లాప్‌టాప్ మోగుతుంది. మనకు నచ్చిన ఊరి కోడ్ ఎంచుకోవచ్చు, ఆ ఊళ్ళో ఖాళీగా ఉన్న నంబర్లు చూపిస్తారు, ఒకటి మనం తీసుకోవాలి.

ఆ తీసుకునే దగ్గరే నేను పొరపాటు చేశాను. వెబ్‌క్యామ్‌లో ఉన్న అమ్మతో ఈ సంగతి చెప్పాను. అమ్మ పక్కన మావయ్య ఉన్నాడు.

మా మావయ్య కరెంటాఫీసులో పనిచేసేవాడు కానీ, ఆయన అసలు వృత్తి అంకెలు కూడటం. మోటార్ సైకిల్‌కి నచ్చిన నంబరు వచ్చేదాకా రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి, అప్పటిదాకా కొత్త బండిని వసారాలో పెట్టి రోజూ తుడిచిన మనిషి. రైల్లో బెర్తు నంబరు కలిపితే ఎనిమిది వచ్చిందని ముక్కూ మొహం తెలియని వాళ్ళను బతిమాలి మార్పించుకునేవాడు. మా ఇళ్ళల్లో ఎవరు ఫోన్ కొన్నా, ప్లాటు కొన్నా, చివరికి గ్యాసు కనెక్షన్ వచ్చినా ఆ నంబరు ముందు మావయ్యకు చూపించాల్సిందే. ఆయన కళ్ళు సగం మూసి, పెదాలు కదిపి, మొత్తం తేల్చి, అవునంటే అవును, కాదంటే కాదు.

"ఉద్యోగానికి అయితే మొత్తం అయిదు రావాలమ్మాయ్," అన్నాడు మావయ్య కెమెరాకు మరీ దగ్గరగా వచ్చి (తెర నిండా ఆయన ముక్కే కనిపించింది). "అయిదు బుధుడు. మాటా, వ్యవహారం, సర్వీసూ అన్నీ ఆయన చేతిలోయే. ఎనిమిదొస్తే మాత్రం ముట్టుకోమాక."

నేను కంప్యూటర్ సైన్సులో పట్టా పుచ్చుకున్న మనిషిని. ఒక ఫోన్ నంబరు అంకెల మొత్తానికీ, నాకు ఇంటర్వ్యూలు రావడానికీ సంబంధం ఏమిటని అడగాల్సినదాన్ని. కానీ వరసగా కొన్ని చోట్ల కాదనిపించుకున్నాక మనిషిలో ధైర్యం సన్నగిల్లుతుంది, ఎవరు ఏ కొమ్మ చూపించినా పట్టుకోబుద్ధేస్తుంది. కార్డిఫ్ నంబర్లు ఒక్కొక్కటీ చదివాను. మావయ్య కూడుతూ పోయాడు. ఒకటి నాలుగు, ఇంకొకటి ఏడు, రెండు వరసగా ఎనిమిదులు. కార్డిఫ్ అయిపోయింది. "ఇంకో ఊరు చూడు," అన్నాడు. వేల్స్ దాటాం, ఇంగ్లాండు ఎక్కాం, మధ్యలో అమ్మ వెళ్ళి పొయ్యి మీద పాలు దించి వచ్చింది. చివరికి స్కాట్లాండ్ పైకొసన ఇన్వర్నెస్ అనే ఊరి నంబర్లలో ఒకటి చదవగానే మావయ్య చెయ్యెత్తి ఆపాడు. అయిదు. అంకెల అమరిక కూడా దివ్యంగా ఉందట. మావయ్యా, నేనుండేది కార్డిఫ్‌లో, ఆ ఊరు దేశానికి ఆ చివర ఉంది అని గొణిగాను. "ఫోన్‌లో మాట్టాడేదానికి ఊరుతో పనేంది?" అన్నాడు. నంబరు తీసేసుకున్నాను.

అక్కడి నుంచి నా సంసారం లాప్‌టాప్‌తోనే. దాన్ని మూస్తే ఫోన్ మోగదు కాబట్టి మూసేదాన్ని కాదు. వంటింట్లోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టి, హెడ్‌సెట్ మెడలో వేసుకుని పోపు వేసేదాన్ని. మైక్రోవేవ్ తిప్పితే వైఫై పోయేది, అందుకని నేను ఇంట్లో ఉండగా మైక్రోవేవ్ వాడకూడదని శాసనం చేశాను. వరంగల్ అక్క చల్లటి కూర తింటూ, ఈ ఐడియా నీకు ఎందుకు ఇచ్చిన్నో అన్నట్టు చూసేది. ఫోన్లు వచ్చేవి, కాదనను. కానీ కార్డిఫ్ ఆఫీసుల వాళ్ళు నా కోడ్ చూసి, అంత దూరం నుంచి ఎప్పుడు మారగలరని అడిగేవారు. నేను కార్డిఫ్‌లోనే ఉన్నాననేదాన్ని. మరి ఇన్వర్నెస్ నంబరు ఎందుకని అడిగేవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న ఒకే ఒక్క నిజమైన జవాబు ఇంగ్లీషులో చెప్పదగ్గది కాదు. నేను నసిగేదాన్ని, వాళ్ళు అనుమానంతో పెట్టేసేవారు.

ఇది చాలదన్నట్టు ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. తను కూడిన నంబరు అంత బాగా కుదిరినందుకు మావయ్య పొంగిపోయి బంధువులందరికీ పంచిపెట్టాడు. పైగా ఇండియా నుంచి ఇక్కడి మొబైల్ కంటే ల్యాండ్‌లైన్‌కు చేయడం చవక. ఇంకేం, కలిసొచ్చే నంబరు, పైగా చవక. పిన్ని చేసింది, బాబాయి చేశాడు, ఎప్పుడూ నాతో మాట్లాడని పెదనాన్న కూడా చేసి, ఏమీ లేదమ్మా, ఊరికే చేశా, ఎట్టా ఉన్నావో అని అన్నాడు. చుట్టాలు రాకూడదని తీసుకున్న నంబరుకి చుట్టాలు తప్ప ఎవరూ రాని పరిస్థితి. ఒక కార్డిఫ్ ఆఫీసు నుంచి వస్తుందని నేను పొద్దున్నుంచి కాచుకున్న ఫోన్ వచ్చే వేళకి, మా పిన్ని లైనులో ఉండి నిశ్చితార్థం చీర ఏ రంగైతే బాగుంటుందో అడుగుతోంది. పిన్ని నిశ్చితార్థం కాదు, వాళ్ళ పక్కింటి అమ్మాయిది. ఆ రోజు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. మావయ్య మీద చెప్పలేనంత కోపమొచ్చింది.

అలాంటి ఒక ఉదయం లాప్‌టాప్ మోగింది. ఒక పెద్దావిడ గొంతు, స్కాటిష్ యాస. హోటళ్ళకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసట, ఇన్వర్నెస్‌లో. ఉద్యోగాల వెబ్‌సైటులో నా వివరాలు చూసిందట. మీరు ఊళ్ళోనే ఉన్నారు కదా, మధ్యాహ్నం ఒకసారి రాగలరా అని అడిగింది. నేను పెసరట్టు తిరగేస్తూ, ఈరోజు ఊళ్ళో లేనండి అన్నాను. అది అబద్ధం కాదు. నేను ఆ ఊళ్ళో ఏ రోజూ లేను. అయితే గురువారం రమ్మంది.

బుధవారం రైళ్ళు మారుతూ రోజంతా ప్రయాణం చేశాను. కిటికీలోంచి చూస్తున్నకొద్దీ ఇళ్ళు తగ్గి, కొండలు పెరిగి, గొర్రెలు మనుషుల్ని మించిపోయాయి. ఇది కూడా పోతే ఇంటికి టికెట్ కొనుక్కోవడమేనని నాకు తెలుసు. దారంతా ఒకటే ఆలోచన: ఆవిడకు నిజం చెప్పాలా, లేక ఊళ్ళోదాన్నేనని నటించాలా. ఊరి మ్యాపు చూసి రెండు వీధుల పేర్లు కూడా బట్టీపట్టాను.

ఇంటర్వ్యూ బాగానే సాగింది. ప్రోగ్రాముల గురించి అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఆవిడ కళ్ళజోడు తీసి, ఎటువైపు ఉంటారు, బస్సులో వచ్చారా అని మామూలుగా అడిగింది. బట్టీపట్టిన వీధి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. అదేమిటో, అక్కడే ఆగిపోయింది. కార్డిఫ్ నుంచి నిన్న రైల్లో వచ్చానని చెప్పాను. మరి ఈ ఊరి నంబరు ఎందుకుందని అడిగింది. ఇంక దాచేదేముంది, మావయ్య సంగతంతా చెప్పేశాను. బుధుడి పేరు ఇంగ్లీషులో చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ నాన్న చేపల పడవ మీద వెళ్ళేవాడని చెప్పింది. పడవ దగ్గరకు నడుస్తుండగా దారిలో చర్చి ఫాదరు ఎదురైతే, మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసేవాడట. మా ఊళ్ళోనూ బయల్దేరేటప్పుడు ఎదురెవరు వస్తున్నారో చూసుకుంటారని నేనన్నాను. అప్పుడు నవ్వింది. "మా నాన్నా, మీ మావయ్యా ఒకే పడవ ఎక్కితే అది ఒడ్డు కదిలేది కాదు," అంది. ఆ వారాంతంలోనే ఉద్యోగం ఇచ్చింది, వీసా కాగితాలు కూడా దగ్గరుండి చూసుకుంది. అక్కడికి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు చలికి తట్టుకోలేక పారిపోతుంటారనీ, ఒక ఇంటర్వ్యూ కోసం దేశమంతా దాటొచ్చిన పిల్ల అంత తేలిగ్గా పోదనిపించిందనీ చాన్నాళ్ళ తర్వాత చెప్పింది.

మావయ్యకు ఈ కారణాలేవీ అక్కర్లేదు. అయిదు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, అంతే. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి మరీ ఆ కథ చెప్పేవాడు. నేను మొదట్లో ఖండించేదాన్ని, తర్వాత మానేశాను.

కొన్నేళ్ళకు ఆ ఉచిత నంబర్ల కంపెనీ మూతపడింది. అప్పటికి నేను ఎడిన్‌బర్గ్ వచ్చేశాను, అందరం ఫోన్లలోనే ఉచితంగా మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే రోజులొచ్చేశాయి, ఆ నంబరు పోయిన సంగతే నేను పట్టించుకోలేదు. ఒక ఆదివారం అమ్మ ఫోన్‌లోంచి మావయ్య మాట్లాడాడు. రిటైరయ్యాక ఆయనకు మతిమరుపు మొదలైందని, ఇంటి దారి కూడా ఒక్కోసారి తడబడుతున్నాడని అమ్మ అంతకుముందే చెప్పింది.

"నీ నంబరు పనిచెయ్యట్లేదమ్మాయ్," అన్నాడు. "ఎవరో ఆవిడ ఇంగ్లీషులో ఏందో చెబుతా ఉంది. రోజూ చేస్తన్నా, రోజూ ఆవిడే."

ఆ నంబరు పోయింది మావయ్యా, దాంతో ఇప్పుడు పనేం లేదు, అమ్మ ఫోన్‌లో నా పేరు నొక్కితే చాలు అన్నాను.

"పేరెక్కడుందో మర్చిపోతన్నానే. అదొక్కటే నాకు నోటికొచ్చు, నేను కూడిన నంబరు గదా," అన్నాడు.

లాప్‌టాప్ తెరిచాను. ఇంకో కంపెనీ దొరికింది, ఇంకా ఇలాంటివి ఇస్తున్నారు. ఒక్కో నంబరూ మెల్లగా చదివాను, ఆయన మెల్లగా కూడాడు. మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు, నేనూ మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. ఏ ఊరిదో నేను చూడనే లేదు. చుట్టాలెవరూ ఫోన్ చెయ్యకూడదని ఒక నంబరు కోసం అంత తాపత్రయపడిన ఆ కార్డిఫ్ పిల్ల నన్ను ఆ క్షణంలో చూసి ఉంటే పడీపడీ నవ్వేది. నవ్వనీ, పాపం. ఆ పిల్లకు ఇంకా చాలా తెలియాలి.