గోడ మీద గీత నాది కాదు

మా చిన్నప్పుడు బుధవారం బడి ఉండేది కాదు... ఫ్రాన్స్‌లో ఓ పల్లె. నాన్న పక్క ఊళ్ళో పాల మీద పరిశోధన చేసేవారు. మా పల్లెలో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే.

ఆటకి తోడు లేక ఇంటెదురుగా ఉన్న చర్చిలో కూర్చునేదాన్ని. ఐదు వందల ఏళ్ళ నాటి రాతి కట్టడం. గోడ మీద ఓ పాత బొమ్మ... దేవదూత తక్కెడలో ఆత్మల్ని తూస్తుంటే, ఓ చిన్న దయ్యం పళ్ళేన్ని కిందకి లాగుతుంటుంది. ఎన్నో తరాలు సున్నం కింద దాగి, మేం రావడానికి కొంచెం ముందే బయటపడిందట. ఆ దయ్యమంటే నాకెంత ఇష్టమో!

చర్చి తాళాలు మదాం ఒడెత్ అనే ముసలావిడ దగ్గర ఉండేవి. నన్ను చూస్తే ఆవిడకి ఒళ్ళుమంట. నేను లేచిన బల్లని గుడ్డతో తుడిచేది... నేను చూస్తుండగానే.

ఒకరోజు ఆవిడ మేనల్లుడు లైట్లు బిగించడానికి వచ్చాడు. నిచ్చెన జారింది. దాని ఇనుప కొక్కెం దయ్యం మొహాన్ని బర్రున గీసుకుపోయింది. అక్కడున్నది ముగ్గురమే... అతను, ఆవిడ, నేను.

సాయంత్రం ఆవిడ మా గుమ్మంలో నిలబడి, "మీ పిల్ల గోళ్ళతో గీకింది" అంది.

"నేను కాదు నాన్నా, నిచ్చెన..."

"పరాయి ఊళ్ళో ఉన్నాం. సారీ చెప్పెయ్యమ్మా, అయిపోతుంది" అన్నారు నాన్న.

ఆవిడ కళ్ళలోకి చూస్తూ సారీ చెప్పాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు. మళ్ళీ నన్ను చర్చి గడప తొక్కనివ్వలేదు. ఏడాదికి మేం ఊరే వదిలేశాం.

నాన్న మీద కోపం కొన్నేళ్ళకి చల్లారింది. ఆవిడ మీద... లేదు.

ఇప్పుడు సింగపూర్‌లో, బెడోక్‌లో ఉంటున్నాం. మా బ్లాక్‌లోనే ఉండే సుధ ఈమధ్య ఫ్రాన్స్ టూర్ వెళ్తుంటే, ఆ చర్చి చూసి రమ్మని నేనే చెప్పాను. తిరిగొచ్చాక లిఫ్ట్ దగ్గర ఫోన్‌లో ఫొటోలు చూపించింది.

"బొమ్మ సూపర్ అక్కా! కానీ ఎవరో ఫారిన్ ఫ్యామిలీ పిల్లంట, గోళ్ళతో గీకేసిందంట. బోర్డు కూడా పెట్టారు చూడండి. ఏం పెంపకమో!"

"ఆ పిల్లని నేనే" అన్నాను. "గీకింది మాత్రం నేను కాదు."

లిఫ్ట్ వచ్చినా సుధ ఎక్కలేదు.

ఆ రోజే ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకి జరిగిందంతా ఫ్రెంచిలో రాసి పంపాను. మా అమ్మాయి చూసి, సింగపూర్ యాసలో "లెట్ ఇట్ గో లా అమ్మా, హూ కేర్స్?" అంది.

"నాకు కావాలి" అన్నాను.

వారానికి జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. ఊళ్ళో అందరూ చెప్పుకునే కథ అదేనట... మదాం, ఆవిడ మేనల్లుడు ఇద్దరూ పోయారట... సాక్ష్యం లేనిదే మార్చలేరట. పైగా చూడవచ్చే వాళ్ళకి ఆ కథ నచ్చుతోందట!

సాక్షులిద్దరూ పోయారు. మిగిలింది దోషి ఒక్కతే.

అప్పట్లో ఒక నింద ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ మనుషులతోనే పోతుందనుకునేదాన్ని... ఇప్పుడు దాన్ని బోర్డు మీదకెక్కించి వారసత్వం అంటున్నారు.

మీరు చేయని తప్పు ఏదైనా ఇంకా మీ పేరు మీదే ఉందా? ఉంటే కింద రాయండి... నేను నమ్ముతాను.