చంద్రుడి మీద బకెట్ల వాన

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపటి నుంచి నాకు ఫిల్టర్ కాఫీ పుట్టకుండా పోవుగాక. ఆ రోజుల్లో మద్రాసు కోడంబాక్కం స్టూడియోల్లో ఇంద్రసభ కావాలన్నా, జైలు కావాలన్నా ప్లాస్టరుతోనే గడిచిపోయేది. నేను ఒక ఆర్ట్ డైరెక్టరు దగ్గర కొత్తగా చేరిన అసిస్టెంటుని (అంటే పెయింటు డబ్బాలు మోసేవాణ్ణి). మా మాస్టరుకు చంద్రుడూ, అంగారకుడూ కావలసిన సినిమా ఒకటి తగిలింది. సెట్టు వెయ్యడానికి ఉన్నది ఒకటే ఫ్లోరు. ఒకరోజు చంద్రుడు, మర్నాడు అదే నేల మీద అంగారకుడు. నేనేమో లైబ్రరీలో బొమ్మలన్నీ చూసొచ్చి, రెండూ వేరువేరుగా కనబడి తీరాలని పట్టుబట్టాను. "సరి, నువ్వే చెయ్యి. చెడగొట్టినావో, మీ నాయిన ఉద్యోగం చూసిపెట్టిన ఆ మనలి కెమికల్ ఫ్యాక్టరీకి పో. ఈడ నీకు పని లేదు," అన్నాడు మాస్టరు. ఆ ఫ్యాక్టరీ వాసన తలుచుకుని నడుం బిగించాను.

చంద్రుడి గుంటలు చేత్తో తవ్వితే ఏం లాభం, పైనుంచి రాళ్ళు పడి ఏర్పడినవి కదా! నేలంతా బూడిద పరిచి, నిచ్చెనెక్కి కొబ్బరికాయలు జారవిడిచాను. అంచులు లేచి, చుట్టూ పొడి చిమ్మి, ఎంత చక్కని గుంటలు! (చిమ్మిన పొడిలో సగం మాస్టరు మీసాల్లోకి పోయింది.) "ఏమ్రా, అసలు ఈ చంద్రుడు ఎట్లా పుట్టినాడు?" అన్నాడు తుడుచుకుంటూ. "భూమిని ఇంకో గ్రహమంతది గుద్దితే, ఎగిరిన ముక్కలు కలిసి చంద్రుడయ్యాడంటారు మాస్టర్." "అంత ఆకాశంలో పక్కకు జరిగేదానికి చోటు లేదా? ఆడ కూడా మన కోడంబాక్కం బ్రిడ్జి మాదిరే ట్రాఫిక్కా!"

మర్నాడు పొద్దున ప్రొడక్షన్ మేనేజరు, దుమ్ముకు హీరో తుమ్ముతాడని, అలవాటు ప్రకారం నేల తడిపించాడు. చల్లించడం కాదు, బకెట్లతో పోయించాడు. నేను వెళ్ళేసరికి గుంటల అంచులు కరిగి, బూడిదలో కాలువలు పారుతున్నాయి. గాలీ వానా లేవు గనకే చంద్రుడి గుంటలు నిలిచాయనీ, భూమి తన గుంటల్ని తానే చెరిపేసుకుందనీ చదివింది కళ్ళారా చూశాను.

"అయిపోయింది. మనలి బస్సెక్కు," అన్నాడు మాస్టరు.

"ఎక్కను మాస్టర్. అంగారకుడి మీద ఒకప్పుడు నీళ్ళు పారిన జాడలున్నాయి. ఇదే అంగారకుడు. రేపటి షూటింగు ఇవాళ పెట్టించండి."

"కథలో చంద్రుడు గదరా ముందు?"

"క్లైమాక్సు ముందు తీసిన సినిమాలు ఎన్ని లేవు మాస్టర్!"

అంగారకుడి మన్నుది తుప్పు రంగు. ఇటుకపొడి, ఎర్రజాజు కలిపి తడి నేలంతా జల్లెడతో జల్లాను. అక్కడ గాలి పలచనే అయినా దుమ్ము తుఫాన్లుంటాయి గనక, పెద్ద ఫ్యాను తిప్పి ఇసుకదిబ్బలు లేపాను. ఆకాశానికి కట్టిన నల్లతెర విప్పి పసుపుపచ్చది కట్టించాను. హీరో వచ్చి, తుమ్ముతూనే, "సూపర్ మాస్టర్, నిజంగా వేరే లోకం!" అన్నాడు. మా మాస్టరు అందరి ముందూ నన్ను కావలించుకుని ఏడ్చేశాడు.

ఏడవలేదు. కావలించుకోనూ లేదు. ఆ ముక్క నేను కల్పించింది. నిజానికి ఆయన నావైపు కూడా చూడకుండా, "ఆ ఫ్యాను ఆపరా. రేపటికి చంద్రుణ్ణి మళ్ళీ చెయ్యాల, పొద్దున్నే వచ్చెయ్," అని వెళ్ళిపోయాడు. ఉద్యోగం నిలబడిందన్నమాటే. కానీ ఆ వయసులో అది చాల్లేదు, ఇంటికెళ్ళి అమ్మకు చెప్పేటప్పుడు ఆ కౌగిలీ, ఏడుపూ కథలో కలిపేశాను. ఇప్పటికీ కథ ఈ చోటికి రాగానే మాస్టరు చేతులు వాటంతటవే చాచుకుంటాయి. నేనూ ఆపను.