రెక్క విప్పని పాలపిట్ట

నలభై ఐదు రోజుల్లో ఎవరికైనా ఏదైనా నేర్పవచ్చని నమ్మి, ఆ నమ్మకం మీదే బతుకుతున్నవాణ్ణి నేను. అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చెబుతాను. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఇంకొకటి, సాయంత్రం మళ్లీ రెండు. ఎవరైనా డౌట్ అడిగితే అది రేపు చెప్తానంటాను. మర్నాడు అడిగితే అది నిన్ననే అయిపోయిందంటాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎర్రలైటు ఇంకా అరవై సెకన్లు చూపిస్తుంటే నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుంటుంది. ఇంట్లో అన్నం తింటూ కూడా కాలు ఊపుతూనే ఉంటాను. కాలు కాలిన పిల్లి అని మా అమ్మ నాకు పెట్టిన పేరు.

ఆ అమ్మే శ్రావణ మాసంలో బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ చేశారు. మూడు నెలలు మెట్లు దిగొద్దన్నాడు డాక్టర్. ఎర్రమంజిల్‌లో మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నొప్పి గురించి, మందుల గురించి ఆమె ఏమీ అడగలేదు. దసరా లోపల కిందికి దిగుతానా అని ఒక్కటే అడిగింది.

మా వైపు దసరా నాడు పాలపిట్టను చూడాలి. చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. నాన్న పోయాక అమ్మను తీసుకెళ్లే పని నాకు వచ్చింది. పండగ సాయంత్రం స్కూటర్ మీద చెట్లూ ఖాళీ జాగా ఉన్న చోటికి పోవడం, ఆమెకు పిట్ట కనపడగానే వెనక్కి తేవడం. ఎప్పుడూ పది నిమిషాలు దాటేది కాదు. పోయిన ఏడు అది కూడా చేయలేదు. పండగ రోజున ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని, వచ్చే ఏడు పోదాంలే అన్నాను. ఇప్పుడు ఆ వచ్చే ఏడు వచ్చింది, ఆమె మంచం మీద ఉంది. గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

ఫోన్‌లో ఫొటో చూపిస్తే తల తిప్పుకుంది.

"గది ఫోన్‌రా. పిట్ట కాదు."

ఎవరో పంజరంలో పెట్టుకుని తిరుగుతారట, ఇంటికే పిలిపిద్దామని కింది పోర్షన్ వాళ్లు అన్నారు. అమ్మకు కోపం వచ్చింది. "రెక్కలు కట్టేసి తెచ్చినదాన్ని చూస్తే పుణ్యమొస్తదా, పాపమొస్తదా?"

అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. నేనే బొమ్మ వేసి ఆమె మంచం ఎదుట గోడకు పెడతానన్నాను. అమ్మ నవ్వింది. "ఎయ్యి. గా పేరు మీద ఒక్క తాన కూసుంటవ్."

పంజాగుట్టలో ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో ఆదివారాలు అక్రిలిక్ పెయింటింగ్ నేర్పే పెద్దమనిషి దొరికాడు. ఒకప్పుడు అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు చేత్తో రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక పిట్టలూ చెట్లూ వేయడంలో పడ్డాడు. అందరూ భాయ్ అనేవారు, నేనూ అదే అన్నాను.

"ఎన్ని క్లాసులు భాయ్? దసరాకల్లా పాలపిట్ట వస్తదా?"

"ముందుగాల ఆకాశం ఎయ్యుండ్రి సార్. పిట్ట ఆఖర్కి."

ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుందని, అక్రిలిక్ నిమిషాల్లో ఆరుతుందని విని, ఇది నాకోసమే పుట్టిన రంగు అనుకున్నాను. తీరా చూస్తే దానికీ నాకూ పొసగలేదు. ప్లేటులో కలుపుకున్న నీలం, నేను రెండోసారి బ్రష్ ముంచేలోపే ఫ్యాను గాలికి మీగడ కట్టేది. కాన్వాస్ మీది నీలం మాత్రం ఆరినట్టు కనిపిస్తూ లోపల జిగురుగా ఉండేది. ఆగలేక దాని మీద తెల్లమబ్బు పెట్టబోతే కింది పొర పొట్టులా ఊడి బ్రష్‌కు అంటుకునేది. మూడు ఆదివారాలు నా ఆకాశం ఊడుతూనే ఉంది. పక్క కుర్చీలో శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒకావిడ ఈలోగా చెరువు, రెల్లుగడ్డి, రెండు కొంగలు పూర్తి చేసింది. పైగా నా వైపు జాలిగా చూసి, "మీరు టీ తాగి రండి, ఆరిపోతుంది" అంది. నాకు ఒళ్లు మండింది. నాలుగో వారం ఇంట్లోంచి హెయిర్ డ్రయ్యర్ పట్టుకెళ్లాను.

భాయ్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఎవరి షాదీ సార్?"

క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అని ప్లగ్గు పెట్టాను. ఆకాశం ఆరింది, కానీ ఆరాక రంగు ముదిరి, నేను అనుకున్న ఎండపొద్దు కాస్తా ముసురు పట్టినట్టయింది. పోనీలే అని కొమ్మ వేశాను. ఐదో వారానికి పిట్టను దించేశాను. నెట్‌లో తీసిన ఫొటోలో అది రెక్కలు ముడిచి కూర్చుని ఉంది. తల మీద, రెక్క అంచున కాస్త నీలం, మిగతాదంతా మట్టిరంగు. రాష్ట్ర పక్షి మరీ ఇంత సాదాగా ఉంటుందా అనిపించి, నెత్తి నుంచి తోక దాకా నిగనిగలాడే నీలం పట్టించాను. "జర ఆగుండ్రి సార్, రెక్క చూడుండ్రి" అని భాయ్ అంటూనే ఉన్నాడు. అయిపోయింది భాయ్ అని కింద సంతకం కూడా పెట్టేశాను.

దసరా ముందు రోజు బొమ్మను తెచ్చి గోడకు తగిలించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను.

"మంచిగేసినవ్," అంది. "ఏం పిట్ట ఇది?"

నా ప్రాణం చివుక్కుమంది. "పాలపిట్టనే అమ్మా."

"పాలపిట్ట కూసున్నప్పుడు గింత నీలం ఉండదు బిడ్డా. మట్టిల మట్టి లెక్కనే ఉంటది. లేచి రెక్కిప్పినప్పుడు కనపడ్తది నీలం. నువ్వెన్నడన్న చూసినవా?"

ఐదు వారాల కష్టం అలా తేలిపోయేసరికి కోపం ఆగలేదు. "ఏడ చూడనిచ్చినవ్? పోయి పది నిమిషాలు కాకముందే, అగో కనపడ్డది, ఇగ పోదాం పా అంటుంటివి. నేను చూసేసరికి ఏమన్న ఉంటుండెనా ఆడ?"

అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఏం లేకుండె," అంది. "నువ్వు బండి సుత బంద్ చెయ్యకపోతుంటివి. టైం చూసుకుంట నిలబడ్తుంటివి. నీకు లేటయితదని కనపడ్డదంటుంటి."

తిరుగుతున్నవాణ్ణి ఆగాను. "అన్నిసార్లు గంతేనా?"

"గంతే."

"మరి ఆఖరుకు ఎప్పుడు చూసినవమ్మా?"

"మీ నాయిన ఉండంగ."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. నాన్న పోయి పదకొండేళ్లు. పోయిన ఏడు ఒక్కటి ఎగ్గొట్టానని ఇన్నాళ్లూ కుమిలిపోతున్నాను. మిగతా పదీ ఎగ్గొట్టినట్టేనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను.

సాయంత్రం బ్యాచ్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. ఇవాళ క్లాసు లేదని చెప్పి ఫోన్ ఆఫ్ చేశాను. కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన వేసుకున్నాను.

"రెక్క ఎట్లుంటదో చెప్పమ్మా."

అమ్మ దిండుకు ఒరిగి కళ్లు మూసుకుంది. "మా పెండ్లయిన కొత్తల, మీ నాయినకు గప్పుడే నౌకరైంది. నాకు జొరమొచ్చి లేచిన. నడవలేనంటే సైకిల్ మీద కూసోబెట్టుకొని బయల్దేరిండు. తొవ్వల గాలి పోయింది..." అని ఎక్కడో మొదలుపెట్టింది.

ఆ సైకిల్‌కు గాలి కొట్టించుకోవాలి, ఊరు దాటాలి, పొద్దు వాలాలి. పిట్ట రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.