జవాబు రాకపోతే ఔను

ఒక మనిషి కన్ను నా వల్ల పోయింది. ఈ మాటను ఏళ్లుగా మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచే ధైర్యం ఉంటే ఆ రోజే తెరిచేవాణ్ని.

నాందేడ్ దగ్గర ఒక పత్తి మిల్లులో కంప్యూటర్ల పని నాది. కూలీల హాజరు, గేటు పాసులు, ఫిర్యాదులు అన్నీ ఒకే జావా సర్వర్ మీద నడిచేవి. ఎవరికి ఏది చూపించాలో ఆ సర్వర్ సొంతంగా తేల్చదు. పుణేలో ఉన్న మరో సర్వర్‌ను అడుగుతుంది: ఈ మనిషి ఇది చూడవచ్చా? అది ఔనంటే తెరుస్తుంది, కాదంటే మూస్తుంది. ఆ రెండింటినీ కలిపింది నేనే. ఫిర్యాదు చేసినవాడి పేరు గుమాస్తా గంగారాంకు తప్ప ఎవరికీ కనపడకూడదని అందులో నియమం పెట్టిందీ నేనే.

పుణేకు కలిపే ఇంటర్నెట్ లైను తరచూ తెగేది. పుణే నుంచి జవాబు రాకపోతే అందరికీ అన్నీ మూసుకుపోయేవి. లారీలు గేటు దగ్గరే ఆగిపోయేవి. మేనేజరు నన్ను నలుగురిలో నిలబెట్టి తిట్టేవాడు. ఒక రోజు కోపం పట్టలేక సెట్టింగు మార్చేశాను: జవాబు రాకపోతే ఔను అనుకో. తప్పని తెలియదా? బాగా తెలుసు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా అని నాలో నేను నవ్వుకున్నాను కూడా. అంత కొవ్వెక్కి ఉన్నాను.

సాయిలు కుండల్‌వాడి నుంచి వచ్చిన హమాలీ. కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం తమను బెల్టుతో బాదుతున్నాడని గంగారాం చేత ఫిర్యాదు రాయించాడు. లైను తెగిన ఒక మధ్యాహ్నం ముకద్దం హాజరు చూస్తూ ఆ పేజీ కూడా నొక్కాడు. తెరుచుకుంది. సాయంత్రానికి సాయిలు మోకాలిచిప్పను గునపంతో పగలగొట్టించాడు.

మర్నాడు సాయిలు తమ్ముళ్లు వచ్చి గంగారాంను కాలరు పట్టి ఆవరణలోకి ఈడ్చారు. పేరు తెలిసినవాడు అతనొక్కడే కదా! కింద పడేసి తన్నారు. పక్కటెముకల మీద, నోటి మీద. పళ్లు ఊడి మట్టిలో పడ్డాయి. ఎవరు ఏ పేజీ తెరిచారో రాసి ఉండే సర్వర్ లాగ్‌ను అప్పటికే నేను చూసి ఉన్నాను. పేరు ఎవరికి కనపడిందో, ఎందుకు కనపడిందో నాకు తెలుసు. నా గది గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"నేనెవ్వలకు జెప్పలే! అన్నా, నువ్వన్న జెప్పరాదే!" గంగారాం నావైపు చెయ్యి చాచాడు.

పెద్ద తమ్ముడు నావైపు తిరిగాడు. "ఏం సార్, కంప్యూటర్ల మా అన్న పేరు వీనికొక్కనికే కనవడ్తది గదా? నిజం జెప్పు."

నేను మాట్లాడలేదు.

"ఇగ జూడు, సారే మాట్లాడ్తలేడు," అని అతను రాయి అందుకున్నాడు.

నా సర్వర్‌కు నేను నేర్పిందే అతనూ చేశాడు. జవాబు రాలేదు, ఔననుకున్నాడు. బయట గంగారాం అరుస్తుండగానే నేను లోపలికి వెళ్లి సెట్టింగును మళ్లీ మునుపటిలా పెట్టాను. లాగ్ చెరిపేశాను. ఎందుకలా చేశాను? ఉద్యోగం పోతుందనా, ఆ రాయి నా ముఖం మీదికి వస్తుందనా, లేక తిట్లు తిన్న కసి ఇంకా నాలో చల్లారక, దెబ్బలు మరొకరికి పడుతుంటే ఎక్కడో మూల హాయిగా అనిపించిందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు వెతకాలంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ముకద్దం మీద ఈగ కూడా వాలలేదు. సాయిలు కుంటుకుంటూ ఊరికి పోయాడు. గంగారాం ఇంకా అదే మిల్లులో ఉన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నా భుజం తట్టి, "భయపడ్డవ్, గంతే గదన్నా. ఎవ్వలైన భయపడ్తరు," అన్నాడు. నోరు విప్పని చిన్న తప్పుకు నన్ను క్షమించేశాడు. అసలు తప్పు అతనికి తెలియనే తెలియదు.

రోజూ నన్ను టీకి పిలుస్తాడు. నేను ఎప్పుడూ అతని ఎడమ పక్కనే కూర్చుంటాను. ఆ వైపు కన్ను లేదు.

గంగారాం ఎవరికీ చెప్పలేదు. తెరిచిపెట్టింది నేను. ఇదిగో, చెప్పేశాను. చెప్పవలసింది అతనికి, చెప్పింది మీకు. అయినా కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.