పేజీ అడుగున చిన్న అక్షరాలు

ప్రతి పొద్దున పొయ్యి ముట్టించకముందే సాయమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, చెక్కపెట్టె మీద ఉన్న తెలుగు బైబిలు తెరుస్తుంది. ఆమెకు చదువు రాదు. అయినా పేజీ తప్పదు. పాత బస్సు టికెట్టు ఉన్నచోట ఒక కీర్తన, ఎర్ర దారప్పోగు ఉన్నచోట ఇంకొకటి, ఎండిన ద్రాక్షాకు ఉన్నచోట మరొకటి. ఆకు తీసి పక్కన పెట్టి, అక్షరాల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చెబుతుంది. మళ్లీ ఆకు పెట్టి మూస్తుంది. చాయ ఆ తర్వాతే.

ద్రాక్షాకు దగ్గరి కీర్తన ఆమెకు లలితకుమారి నేర్పింది. లలితకుమారి ఊరూరా నడిచి, చదువు రాని ఆడవాళ్లకు వాక్యం నోటితో నేర్పే బైబిలమ్మ. నాలుగేళ్ల పెద్దకొడుకు తట్టు పోసి చనిపోయిన ఏడు, సాయమ్మ శామీర్‌పేట దగ్గర ద్రాక్షతోటలో కూలికి పోయేది. పందిరి కింద గుత్తులు కోస్తూ, ఎవరికీ కనబడకుండా ఏడ్చేది. లలితకుమారి ఆ పందిరి కిందికే వచ్చి, గంప అందిస్తూ, ఒక్కో వరుస చెప్పి చెప్పించుకుంది. అందులో ఒక మాట ఉంది, భక్తుడి కన్నీళ్లను దేవుడు బుడ్డిలో పోసి ఉంచాడని. అప్పటి నుంచి సాయమ్మ మనసులో ఒక గాజుబుడ్డి ఉండిపోయింది. పైన ఎక్కడో అరలో, మూత బిగించి. ఆమె కొడుకు కోసం కార్చిందంతా అందులో భద్రంగా ఉంది.

లాల్‌గడి మలక్‌పేట్‌లోని వాళ్ల సంఘంలో ఒక ఆచారం ఉంది. బాప్తిస్మం తీసుకునే పిల్ల అందరి ముందు ఒక కీర్తన చూడకుండా అప్పజెప్పాలి. నేర్పిన ఇంటిపెద్ద పక్కన నిలబడి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, తడబడిన చోట మాట అందించాలి. మిగిలిన ముగ్గురు పిల్లల పక్కనా సాయమ్మ అలా నిలబడింది. నేర్పింది ఆ ద్రాక్షాకు కీర్తనే.

రెండువేల నాలుగులో మనవరాలు జాస్మిన్ వంతు వచ్చింది. గాజులరామారంలో ఇంగ్లీషు మీడియం చదివే పిల్ల. ఆ ఏడే యాకోబు పాస్టరు ఇంగ్లీషు ఆరాధన మొదలుపెట్టి, ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇంగ్లీషులోనే అప్పజెప్పాలన్నాడు. ఏ తర్జుమా అన్నది ఇంట్లో చూసుకుని చెప్పమన్నాడు.

"పక్కన మన సంఘంల ఎడ్వర్డ్ నిలబడతడమ్మా. ఇంగ్లీషు తెల్సినోడు గద" అని కూడా అన్నాడు.

సాయమ్మ తలూపి ఇంటికొచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు. నలభై ఏళ్లు మోసిన మాట మనవరాలికి అందే రోజున, తన చెయ్యి ఆ భుజం మీద ఉండదు.

శనివారం జాస్మిన్ బస్సు దిగి మూడు పుస్తకాలు తెచ్చి అరుగు మీద పెట్టింది. నల్లట్టది ఎడ్వర్డ్‌ది, ముందే తెప్పించుకుంది. పచ్చట్టది బళ్లో బహుమతిగా వచ్చింది. గోధుమరంగుది పాస్టరు అరువిచ్చాడు. దుండిగల్ విమానదళం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఎడ్వర్డ్ తన పుస్తకం వెనకాలే తానూ వచ్చి కూర్చున్నాడు.

"గిండ్ల సూసేదేముందక్కా? మా నాయినకు దొరలిచ్చిన పుస్తకమిది. ఇంగ్లీషంటే గిదే. కడమయన్నీ పల్సని సల్ల."

"ఎండకాలం సల్లనే అడుక్కుంటవు గద తమ్మీ. పిల్లను సదవనియ్" అంది సాయమ్మ.

తన బైబిలు ఒళ్లో తెరిచి ద్రాక్షాకు తీసింది. జాస్మిన్ ఒక వరుస ఇంగ్లీషులో చదవాలి, దాన్నే తెలుగులో చెప్పాలి. తెలిసిన దారిలో చీకట్లో నడిచినట్టు, సాయమ్మ అరచేత్తో తన పేజీ తడుముతూ వినసాగింది.

నల్లట్ట పుస్తకంలో బుడ్డి ఉంది. కానీ వరుసకో మాట దగ్గర జాస్మిన్ ఆగిపోయింది.

"అవ్వా, గిది నాకు సమజ్ అయితలేదు."

"సమజ్ కాకున్నా మస్తు గంభీరంగుంటది" అన్నాడు ఎడ్వర్డ్.

"లారీ హారను గూడ గంభీరంగనే ఉంటది. ఇంకోటి తియ్యి బిడ్డా."

పచ్చట్ట పుస్తకం సులువుగా సాగింది, ఆ మాట వచ్చేదాకా.

"బుడ్డి లేదవ్వా. నీ కన్నీళ్లు నీ పుస్తకంల రాసుకున్నవు అని ఉంది."

"రాసిండా?"

"అవును."

సాయమ్మ అరచెయ్యి పేజీ మీద ఆగిపోయింది. "రాస్తే నాకెవలు సదివి సెప్తరే" అంది మెల్లగా.

గోధుమరంగు పుస్తకంలోనూ అంతే. కన్నీళ్లను గ్రంథపుచుట్టలో రాయమని ఉంది. ఎడ్వర్డ్ నల్లట్ట పుస్తకం తీసి సాయమ్మ ముందుకు జరిపాడు. ఇక అదే అనుకున్నారు ముగ్గురూ. అప్పుడు జాస్మిన్ కంటికి గోధుమరంగు పుస్తకంలో ఆ మాట పక్కన చీమతలంత అక్షరం కనబడింది. పేజీ అడుగున అదే అక్షరం, దాని పక్కన సన్నని వరుస.

"ఆగవ్వా. కింద ఇంకో తీరు రాసిండ్రు. లేకుంటే, నా కన్నీళ్లు నీ తోలుతిత్తిల పొయ్యి అనంట. ద్రాక్షరసం పోసే తిత్తి."

"ఎవలు రాసిండ్రు?"

"గీ తర్జుమా జేసినోళ్లే. మొదటి భాషల మాటకు గట్ల గూడ అర్థం రావొచ్చంట."

"తోలుతిత్తా" అంది సాయమ్మ.

ఆమె తండ్రి మొగులయ్య మోటబావులకు తోలుతిత్తులు కుట్టేవాడు. తంగేడు చెక్కలో నానిన తోలు వాసన ఇల్లంతా ఉండేది. చిన్నప్పుడు ఆమె మైనం రాసిన దారం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. కుట్టు పూర్తయ్యాక తిత్తిలో నీళ్లు నింపి, కొయ్యకు వేలాడదీసి, పొద్దంతా ఉంచి, మొగులయ్య దాని అడుగున అరచెయ్యి పెట్టి చూసేవాడు. చెయ్యి పొడిగా ఉంటేనే రైతుకు ఇచ్చేవాడు. ఆ తిత్తితోనే ఊరి పొలాలన్నీ తడిసేవి. కుట్టినవాణ్ని మాత్రం బావిగట్టు ఎక్కనిచ్చేవాళ్లు కారు.

అలాంటిది దేవుడి చేతిలో ఉందా? గాజుబుడ్డి ఎవరు చేస్తారో ఆమెకు తెలియదు. తిత్తి ఎట్లా చేస్తారో ప్రతి కుట్టూ తెలుసు. ఆకాశమంత దేవుడు ఆమె తండ్రిలాగే గొంతుక్కూర్చుని, ఆమె ఏడ్చినదంతా అందులో పోసి, ఒక్క చుక్కయినా కారుతుందేమోనని అడుగున చెయ్యి పెట్టి చూస్తున్నాడు. చెప్పులు అరుగు కింద విడిచినా, దేవుడి ఎదుట ఉన్నట్టు సాయమ్మ కాళ్లు ఇంకా ముడుచుకుని కూర్చుంది.

"గిదే" అంది గోధుమరంగు పుస్తకం మీద చెయ్యి వేసి.

"గదేందక్కా, పైన బుడ్డే లేకపాయె" అన్నాడు ఎడ్వర్డ్.

"పైన తప్పుండొచ్చని కింద రాసుకున్నరు సూడు. గసొంటోళ్లను నమ్మొచ్చు. పక్కన నేనే నిలబడత తమ్మీ. ఏమనుకోకు."

"నీకు ఇంగ్లీషొస్తదా?"

"తెలుగు మాత్రం సదువుకుని నేర్సిన్నా?"

ఆరు శనివారాలు జాస్మిన్ ఒక్కో వరుస చెప్పింది, సాయమ్మ తిరిగి చెప్పింది. బర్రెను పిండుతూ చెప్పింది, బియ్యం చెరుగుతూ చెప్పింది. ఆ ఒక్కచోట పైమాట వదిలి కిందిమాటే నేర్చుకుంది. పొరుగింటి నర్సమ్మ గోడ మీదుగా, "ఏందొదినా, బర్రెకు ఇంగ్లీషు మీడియమా?" అని నవ్వేది.

బాప్తిస్మం రోజు గుడి నిండిపోయింది. యాకోబు పాస్టరు అభ్యంతరం చెప్పలేదు, ఒప్పుకున్నట్టూ లేడు. జాస్మిన్ మొదటి వరుసలు గబగబా చెప్పింది. కన్నీళ్ల మాట దగ్గరికి వచ్చి, అవ్వ ముఖంకేసి చూసింది. అక్కడే ఆగిపోయింది. ముందు వరుసలో ఎడ్వర్డ్ లేవబోయాడు.

భుజం మీద చెయ్యి బిగిసింది. సాయమ్మ కళ్లు మూసుకుని, రోజూ పొద్దున చెప్పే గొంతుతోనే, ఇంగ్లీషులో ఆ వరుస అందించింది. తోలుతిత్తి దగ్గర ఒక్క క్షణం ఆగి, చివరిదాకా చెప్పింది. పలుకు లాల్‌గడి మలక్‌పేట్‌దే. మాట మాత్రం ఒక్కటీ జారలేదు. పాస్టరు చేతిలో తెరిచిన పుస్తకం మూసి, తల వంచి నిలబడ్డాడు. జాస్మిన్ ఆ వరుస అందుకుని మిగతాదంతా తడబడకుండా చెప్పింది.

ద్రాక్షతోట ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. సాయమ్మ అదే ఇంట్లో ఉంటోంది. పొద్దున పొయ్యి ముట్టించకముందు, తెలుగు బైబిలూ పాస్టరు తిరిగి అడగని గోధుమరంగుదీ, రెండు పుస్తకాలు తెరుస్తుంది.